రెండు తప్ప

ప్రమేయం అంటే బట్టీ అన్నారు లోకనాథం మాస్టారు
కాశీబుగ్గ కాలేజీలో, ఫ్యాను తిరగని గదిలో.
ఇటు జీడిపిక్క వేస్తే అటు పప్పు.
ఒక పిక్కకి ఒకటే పప్పు, గుర్తెట్టుకోండి,
ఒకే పిక్క ఓసారి ఒకటి, ఓసారి రెండూ ఇస్తే
అది ప్రమేయం కాదు, దొంగలెక్క.
క్లాసంతా నవ్వింది. మాలో సగంమంది
సెలవుల్లో ఆ బట్టీల దగ్గర కూలికెళ్లినవాళ్లమే.
నేను నవ్వలేదు.
ఆయన పిక్క గురించి చెప్పారు,
కత్తి దగ్గర కూర్చున్న చెయ్యి గురించి చెప్పలేదు.

మా అమ్మ డిల్లమ్మకి అక్షరాలు రావు, అంకెలు వచ్చు.
నూట ఎనభై, రెండొందల నలభై, మూడొందల ఇరవై,
కరెంటు పోయినా సరే
ఏ పప్పు ఏ నంబరో వేళ్లతో తడిమి చెప్పేస్తుంది.
ర్యాంకంటే ఏటే, అనడిగింది ఒక రాత్రి.
పప్పు నంబరు లాంటిదేనమ్మా,
అంకె పెరిగేకొద్దీ గింజ సన్నం.
ఓహో, అని కాసేపు ఊరుకుని
మరి ముక్కలకో, అంది.
నిద్దరొస్తోందని అటు తిరిగి పడుకున్నాను.

మాస్టారు ఆఖరి నెలలో పద్ధతి మార్చేశారు.
సాధించుకుంటూ కూర్చోకండి, టైము చాలదు.
ఎక్స్ దగ్గర చిన్న అంకె వేసి చూడండి.
ఏది నిలబడితే అదే జవాబు.
రాకపోతే వొగ్గీసి ముందుకెల్లండి.
వొగ్గీడం ఒకటే నాకు చేతకాలేదు.

టెక్కలి అవతల, హైవే పక్క ఇంజినీరింగు కాలేజీ.
బొటనవేలు పెట్టమ్మా.
పెట్టాను. ఎర్ర లైటు.
తుడిచి పెట్టు.
చున్నీకి తుడిచాను. ఎర్రదే.
ఎడమ చెయ్యి.
వెనక లైనులో ఎవరో ఉసూరుమన్నారు.
రెండు వేసవులు చాలాయి జీడినూనెకి,
నా గీతలన్నీ తినేసింది.
ఒక మనిషికి ఒక ముద్ర, ఎవరి ముద్ర వారిదే,
ఇద్దరికి ఒకటి రాదు: దీన్నే అన్వేకం అంటారు.
నిర్వచనం కంటతా వచ్చు నాకు.
ముద్రే లేదు.
మెషీను కుర్రాడు, నా ఈడువాడే,
రెండు ఫొటోలు తీసి
నోటుబుక్కులో 'పడలేదు' అని రాసుకుని
పో, పో, టైమయిపోతోంది అన్నాడు.

నలభై ఒకటో ప్రశ్న.
పైన రెండెక్స్ ప్లస్ మూడు,
కింద ఎక్స్ మైనస్ రెండు.
వచ్చినదాన్ని మళ్లీ అందులోనే వేస్తే ఏమొస్తుంది?
మూడు వేశాను. తొమ్మిది.
తొమ్మిది వేశాను. మూడు.
నమ్మకం కుదరక ఒకటి వేశాను,
మైనస్ అయిదుకి పోయి ఒకటికే వచ్చింది.
ఎక్స్ వేస్తే ఎక్సే. మూడో ఐచ్ఛికం.
మౌసుకి వేలిముద్ర అక్కర్లేదు,
నొక్కితే నొక్కినట్టే.

అమ్మ గేటు బయట సోడాబండి నీడలో,
ఆ రోజు కూలి పోగొట్టుకుని.
బస్సెక్కాక గేటు సంగతి చెప్పలేదు.
లెక్క చెప్పాను.
మూడేస్తే తొమ్మిది, తొమ్మిదేస్తే మళ్లీ మూడు.
బాగుందే, అంది,
ఎరువిచ్చిన గిన్ని తిరిగొచ్చినట్టు.
ఒకటేస్తే?
మైనస్ అయిదు. అదేస్తే మళ్లీ ఒకటి.
అప్పులోకెల్లి బయటపడిందన్నమాట,
అని తనలో తనే నవ్వుకుంది.
రెండేస్తే?
రెండు వెయ్యకూడదమ్మా. కింద సున్నా వస్తాది.
ప్రదేశం అంటారు, లోపలికి ఎవరెవరు రావచ్చో ముందే రాసుంటాది.
రెండు తప్ప అన్నీ వెయ్యొచ్చు.

నందిగాం దాటేదాకా అమ్మ మాట్లాడలేదు.
కిటికీ రాడ్డు పట్టుకున్న ఆ నల్లటి వేళ్లు
ఏదో లెక్కపెడుతున్నట్టు కదిలాయి.
అప్పుడడిగింది:
మరా రెండు ఎక్కడుంటాదే, పాపం?